పనిచోట దుర్ఘటనానంతర సామూహిక మానసిక సహాయం

పనిచేసే చోట ప్రాణాపాయకరమైన సంఘటన జరిగినప్పుడు, దానిని అనుభవించిన లేదా కళ్ళారా చూసిన పనివారిని ఒకచోట చేర్చి, వారి మనోవేదన ముదరకుండా చేసే ఏర్పాటును దుర్ఘటనానంతర సామూహిక మానసిక సహాయం అంటారు. అగ్నిమాపక దళాలు, చమురు బావులు, గనులు, రైల్వేలు, ఆసుపత్రులు, బ్యాంకులు మొదలైన చోట్ల ఈ పద్ధతి 1980ల నుండి ప్రచారంలోకి వచ్చింది. దీనిలో అన్నిటికంటె పేరుపొందిన రూపం డీబ్రీఫింగ్. ఇది మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అనే విషయంపై మానసిక వైద్యులలో చాలాకాలం వాదోపవాదాలు జరిగాయి. చమురు, సహజవాయు నిక్షేపాలు, సముద్రపు వేట, కొబ్బరి దింపు వంటి అపాయకరమైన వృత్తులు ఒకేచోట ఉన్న కోనసీమకు ఈ విషయం ప్రత్యేకంగా వర్తిస్తుంది.

నేపథ్యం

భయంకరమైన సంఘటన తరువాత కొన్ని రోజులపాటు నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడడం, జరిగినది పదేపదే కళ్ళముందు మెదలడం, ఆకలి మందగించడం, చిరాకు, నిస్సత్తువ కలగడం సహజం. తెలుగునాట దీనిని దడుపు, జడుపు అనే మాటలతో చెబుతారు. 'గుండె ఝల్లుమంటోంది', 'జడుసుకున్నాడు' అనే వాడుకలు ఈ స్థితికి సంబంధించినవే. ఎక్కువమందిలో ఈ లక్షణాలు కొద్ది వారాలలో వాటంతట అవే తగ్గిపోతాయి. కొందరిలో మాత్రం నెల దాటినా తగ్గవు. అప్పుడు ఆ స్థితిని ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మతగా పరిగణిస్తారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో ప్రచురించిన వ్యాధుల వర్గీకరణ మూడవ కూర్పులో ఈ రుగ్మతకు మొదటిసారిగా ఒక పేరు, నిర్వచనం లభించాయి.

దుర్ఘటన పనిచోట జరిగినప్పుడు మూడు ప్రత్యేకతలు ఉంటాయి. మొదటిది, బాధితుడు మళ్ళీ అదే చోటికి, అదే పనికి వెళ్ళవలసి వస్తుంది. రెండవది, చనిపోయిన వ్యక్తి రోజూ పక్కన పనిచేసినవాడు కనుక 'అతని బదులు నేను ఉండవలసింది' అనే అపరాధ భావన కలుగుతుంది. మూడవది, తప్పు ఎవరిదనే విచారణ వెంటనే మొదలవుతుంది కనుక మనసు విప్పి మాట్లాడడానికి పనివారు జంకుతారు. సామూహిక సహాయం అవసరమనే ఆలోచనకు మొదటి రెండు కారణాలు ఆధారం కాగా, మూడవది దానికి పెద్ద ఆటంకం.

డీబ్రీఫింగ్ పద్ధతి

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యపు చరిత్రకారుడు ఎస్.ఎల్.ఎ. మార్షల్, పోరు ముగిసిన వెంటనే సైనికులను గుంపుగా కూర్చోబెట్టి జరిగినదంతా వరుసగా చెప్పించేవాడు. ఆయన ఉద్దేశం చరిత్ర రచన మాత్రమే. కాని ఇటువంటి సమావేశాలు మనసుకు ఊరటనిస్తాయనే అభిప్రాయం దీనినుండి బలపడింది. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో అగ్నిమాపక, అత్యవసర వైద్య సేవలలో పనిచేసిన జెఫ్రీ మిచెల్ 1983లో ప్రకటించిన వ్యాసంతో ఈ పద్ధతికి ఒక క్రమం ఏర్పడింది. దీనిని క్రిటికల్ ఇన్సిడెంట్ స్ట్రెస్ డీబ్రీఫింగ్ అని వ్యవహరిస్తారు. నార్వేకు చెందిన అట్లె డైరెగ్రోవ్ 1989లో దీనికి దగ్గరి పద్ధతిని విపత్తులలో సహాయం చేసేవారికోసం వివరించాడు.

మిచెల్ పద్ధతిలో సమావేశం సాధారణంగా సంఘటన జరిగిన 24 నుండి 72 గంటలలోపు జరుగుతుంది. ఒకే రకమైన అనుభవం పొందిన చిన్న బృందం ఇందులో పాల్గొంటుంది. శిక్షణ పొందిన మానసిక నిపుణుడు, అదే వృత్తికి చెందిన సహచరుడు కలిసి దీనిని నడుపుతారు. ఇందులో ఏడు దశలు ఉన్నాయి:

1. పరిచయం: సమావేశపు ఉద్దేశం, గోప్యత నియమాలు చెబుతారు. మాట్లాడడం తప్పనిసరి కాదని స్పష్టం చేస్తారు.
2. వాస్తవాలు: ఎవరు ఎక్కడ ఉన్నారు, ఏమి చూశారు అనేది ఒక్కొక్కరు చెబుతారు.
3. ఆలోచనలు: ఆ క్షణంలో మొట్టమొదట మనసులో మెదిలినది ఏమిటో అడుగుతారు.
4. స్పందనలు: అన్నిటికంటె బాధ కలిగించినది ఏదో చెప్పుకుంటారు.
5. లక్షణాలు: నిద్ర, ఆకలి, భయం, కోపం మొదలైన వాటిలో వచ్చిన మార్పులను గుర్తిస్తారు.
6. బోధన: ఇవి అసాధారణ సంఘటనకు కలిగే సహజ స్పందనలని వివరించి, తగ్గించుకునే మార్గాలు చెబుతారు.
7. ముగింపు: సందేహాలు తీర్చి, తిరిగి పనిలో చేరడం గురించి, మరింత సహాయం దొరికే చోటు గురించి చెబుతారు.

మిచెల్ ఉద్దేశంలో ఇది చికిత్స కాదు, ఒక పెద్ద సహాయ కార్యక్రమంలో ఒక భాగం మాత్రమే. సంఘటనకు ముందే ఇచ్చే శిక్షణ, వ్యక్తిగత సహాయం, కుటుంబ సహాయం, తరువాతి పరిశీలన మిగిలిన భాగాలు. కాని ఆచరణలో అనేక సంస్థలు మిగిలిన భాగాలను వదలి, ఒక్క సమావేశం జరిపి చేతులు దులుపుకున్నాయి.

విమర్శలు, పరిశోధనలు

1990లలో ఈ పద్ధతిని శాస్త్రీయంగా పరీక్షించడం మొదలైంది. బ్రిటన్‌లో కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరినవారిపై బిస్సన్ బృందం చేసిన పరిశోధన 1997లో వెలువడింది. డీబ్రీఫింగ్ పొందినవారిలో 13 నెలల తరువాత 26 శాతం మందికి ఆఘాతానంతర రుగ్మత ఉండగా, పొందనివారిలో అది 9 శాతం మాత్రమే. రోడ్డు ప్రమాద బాధితులపై జరిగి 2000లో వెలువడిన మరొక పరిశోధనలో, మొదట్లో తీవ్రమైన వేదన ఉన్నవారు డీబ్రీఫింగ్ తరువాత మూడేళ్ళకు కూడ కోలుకోలేదని తేలింది. అనేక పరిశోధనలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2002లో, ఒకే ఒక్క సమావేశంతో జరిపే డీబ్రీఫింగ్ రుగ్మతను నివారించదని, దానిని తప్పనిసరి చేయడం మానుకోవాలని తేల్చింది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2005లోను, తిరిగి 2018లోను ఇదే సలహా ఇచ్చింది.

కీడు జరగడానికి కొన్ని కారణాలను ఊహించారు. గాయం పచ్చిగా ఉన్నప్పుడే వివరాలన్నీ చెప్పించడం వలన జ్ఞాపకం మరింత బలంగా నాటుకోవచ్చు. తాను చూడని దృశ్యాలను ఇతరుల నోట వినడం వలన కొత్త భయం కలగవచ్చు. సహజమైన బాధను రోగ లక్షణంగా భావించే ప్రమాదం కూడ ఉంది.

అయితే ఈ పరిశోధనలలో ఎక్కువ భాగం ఆసుపత్రిలోని రోగులతో విడివిడిగా జరిపినవని, కలిసి పనిచేసే బృందాలతో జరిపినవి కావని గమనించాలి. ఆస్ట్రేలియాలో స్వచ్ఛంద అగ్నిమాపక సిబ్బంది బృందాలతో జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో, డీబ్రీఫింగ్ వలన ఆఘాత లక్షణాలలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కాని మద్యపానం తగ్గడం, జీవన నాణ్యత మెరుగుపడడం కనిపించాయి. కనుక బృంద సమావేశం రుగ్మతను నివారిస్తుందని చెప్పడానికి ఆధారం లేదు. సహచరుల మధ్య ఆదరణ పెంచే సాధనంగా మాత్రం దానికి కొంత విలువ ఉండవచ్చు.

ప్రస్తుత పద్ధతులు

డీబ్రీఫింగ్ స్థానంలో ప్రస్తుతం మానసిక ప్రథమ చికిత్స అనే పద్ధతిని సిఫారసు చేస్తున్నారు. దీనిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో క్షేత్ర కార్యకర్తలకు ఒక కరదీపిక ప్రచురించింది. చూడడం, వినడం, కలపడం అనే మూడు పనులు దీనికి మూలం. ముందుగా బాధితుల భద్రత, తిండి, నీరు, గాయాలు చూడాలి. తరువాత వారు చెప్పదలచినంత మాత్రమే వినాలి, గుచ్చిగుచ్చి అడగరాదు. చివరగా వారిని కుటుంబంతో, సమాచారంతో, అవసరమైన సేవలతో కలపాలి. ఈ పని చేయడానికి వైద్యుడే కానక్కరలేదు.

2007లో హాబ్‌ఫోల్, ఆయన సహ పరిశోధకులు విపత్తు తరువాతి సహాయానికి ఐదు సూత్రాలు చెప్పారు. అవి భద్రత, ప్రశాంతత, తమను తాము నిలబెట్టుకోగలమనే నమ్మకం, తోటివారితో అనుబంధం, ఆశ. బ్రిటన్ నావికాదళానికి చెందిన రాయల్ మెరీన్స్‌లో రూపొందిన ట్రిమ్ పద్ధతిలో, శిక్షణ పొందిన తోటి ఉద్యోగులే బాధితులతో మాట్లాడి, సుమారు నెల తరువాత మళ్ళీ పలకరించి, తగ్గనివారిని వైద్యులవద్దకు పంపుతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సంఘటన జరిగిన మొదటి నెలలో ఆఘాత లక్షణాలకు, నిద్రలేమికి బెంజోడయాజెపైన్ రకం మత్తుమాత్రలు ఇవ్వరాదు. నెల దాటినా బాధ తగ్గనివారికి ఆఘాతంపై దృష్టి నిలిపే ప్రజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్స వంటివి ఫలితమిస్తాయి.

భారతదేశంలో

1984 డిసెంబరు 2-3 రాత్రి జరిగిన భోపాల్ దుర్ఘటన ఒక కర్మాగారంలో పుట్టి నగరమంతటినీ బలిగొన్నది. ఆ తరువాత బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ వైద్యులు అక్కడి సాధారణ వైద్యాధికారులకు మానసిక వైద్యంలో శిక్షణ ఇచ్చారు. దేశంలో విపత్తు మానసిక సహాయానికి ఇది నాంది అని చెప్పవచ్చు. 1999 ఒరిస్సా పెను తుపాను, 2001 గుజరాత్ భూకంపం, 2004 సునామీల తరువాత ఈ పని వైద్యుల నుండి గ్రామస్థాయి కార్యకర్తలకు విస్తరించింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లో విపత్తులలో మానసిక, సామాజిక సహాయంపై మార్గదర్శకాలు వెలువరించింది.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే సేవను ప్రారంభించింది. 14416 అనే నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో కూడ మాట్లాడవచ్చు.

కోనసీమలో దుర్ఘటనలు

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, బంగాళాఖాతం అంచున ఉన్న కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట ముఖ్య పట్టణాలు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. ఇక్కడ కొబ్బరి తోటల నడుమనే సహజవాయు బావులు, పైపులైన్లు ఉన్నాయి. అందువలన పనిచోటికి, నివాసానికి మధ్య గీత గీయడం కష్టం. ఒకచోట జరిగిన ప్రమాదం రెండింటినీ తాకుతుంది.

1995 జనవరి 8న పాశర్లపూడి 19వ నంబరు ఓ.ఎన్.జి.సి. బావిలో తవ్వకం జరుగుతుండగా గ్యాసు ఎగదన్ని మంటలు లేచాయి. ఈ బ్లోఅవుట్ సుమారు 65 రోజులు సాగింది. విదేశీ నిపుణుల సహాయంతో మార్చి నెలలో మంటలను అదుపు చేశారు. చుట్టుపక్కల గ్రామాలవారిని ఖాళీ చేయించవలసి వచ్చింది. రెండు నెలలకు పైగా రేయింబవళ్ళు ఆ హోరును, వెలుగును భరించిన ఈ అనుభవం, డీబ్రీఫింగ్ పద్ధతి ఊహించిన ఒక్క క్షణపు సంఘటన వంటిది కాదు. ప్రమాదం ఇంకా కొనసాగుతుండగా 'జరిగినది చెప్పండి' అనడానికి అర్థం ఉండదు. అటువంటి స్థితిలో భద్రత, సరైన సమాచారం ఇవ్వడమే మొదటి మానసిక సహాయం.

1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపానులో వేయిమందికి పైగా మరణించారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి తీర గ్రామాలనుండి వేటకు వెళ్ళిన మత్స్యకారులలో అనేకులు తిరిగి రాలేదు. వేట వారికి వృత్తి, సముద్రం వారి పనిచోటు. శవం దొరకని మరణంలో దుఃఖానికి ముగింపు ఉండదు. అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్ దీనిని సందిగ్ధ నష్టం అని పేర్కొన్నది. కర్మ చేయాలా వద్దా, బొట్టు తీయాలా వద్దా అనే ప్రశ్నలు ఇంటి ఆడవారిని వేధిస్తాయి. సాక్ష్య చట్టం ప్రకారం ఏడు సంవత్సరాలు ఆచూకీ లేనివారిని మరణించినట్లుగా భావించవచ్చు, కాని మనసుకు అటువంటి గడువు లేదు. ఇటువంటి కుటుంబాలకు ఒక్కసారి జరిపే సమావేశంకంటె, అదే నష్టం పొందినవారు తరచుగా కలుసుకునే బృందం ఎక్కువ ఉపయోగపడుతుంది.

2014 జూన్ 27న తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ సంస్థకు చెందిన గ్యాసు పైపులైను పేలి మంటలు వ్యాపించాయి. ఇరవైమందికి పైగా మరణించారు, ఇంకా అనేకులు తీవ్రంగా కాలిపోయారు. ఇళ్ళు, దుకాణాలు, కొబ్బరి చెట్లు కాలిపోయాయి. నిద్రలో ఉన్నవారు, పొద్దున్నే పనికి బయలుదేరినవారు కూడ ఇందులో చిక్కుకున్నారు. కాలిన గాయాలవారిపై బ్రిటన్‌లో జరిగిన 1997 నాటి పరిశోధన ఇటువంటి బాధితులకు నేరుగా వర్తిస్తుంది. ఆసుపత్రి మంచంమీద ఉన్నవారిచేత అనుభవాన్ని చెప్పించడం కంటె, నొప్పి తగ్గించడం, కుటుంబసభ్యులను దగ్గర ఉంచడం, నెల తరువాత తిరిగి పరీక్షించడం మేలు.

2025 అక్టోబరు 8న రాయవరం మండలంలోని బాణసంచా తయారీ కేంద్రంలో జరిగిన పేలుడులో యజమానితో పాటు కార్మికులు మరణించారు. ఇటువంటి చిన్న కేంద్రాలలో సిబ్బంది విభాగం, సంస్థ వైద్యుడు, శిక్షణ పొందిన సహచరుడు ఎవరూ ఉండరు. పెద్ద సంస్థలను దృష్టిలో పెట్టుకొని రాసిన సహాయ పద్ధతులను ఇక్కడ గ్రామ సచివాలయ సిబ్బంది, ఆశా కార్యకర్తలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా అందించవలసి ఉంటుంది.

వీటికి తోడు, వార్తలలో పెద్దగా కనిపించని ప్రమాదాలు కూడ ఉన్నాయి. కొబ్బరి చెట్టెక్కి కాయలు కోసే దింపు కార్మికుడు జారిపడినప్పుడు, చెట్టుకింద కాయలు ఏరుతున్నవారే మొదటి సాక్షులు. మరునాడు వారిలో ఒకరు తిరిగి చెట్టెక్కవలసిందే.

స్థానిక ఆచారాలు

సామూహిక ఓదార్పు కోనసీమకు కొత్త కాదు. మరణం జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్ళడం, కొన్నాళ్ళపాటు బంధువులు, ఇరుగుపొరుగువారు భోజనం పంపడం, పెద్దకర్మనాడు అందరూ కలవడం హిందువులలో వాడుక. క్రైస్తవ కుటుంబాలలో ఆదరణ కూడికలు, ముస్లిములలో జియారత్ జరుగుతాయి. ఇవి మానసిక ప్రథమ చికిత్స చెప్పే అనుబంధం, ప్రశాంతత, ఆశ అనే సూత్రాలకు దగ్గరగా ఉన్నాయి. వీటిలో ఎవరినీ వివరాలు చెప్పమని బలవంతపెట్టరు. ఇష్టమైతే ఏడవవచ్చు, లేకపోతే మౌనంగా కూర్చోవచ్చు.

అయితే వీటికి పరిమితులున్నాయి. పరామర్శ చనిపోయినవారి ఇంటికే చేరుతుంది. పక్కన నిలబడి ప్రాణాలతో బయటపడినవానిని 'నీకేం, అదృష్టవంతుడివి' అని పంపివేస్తారు. వాని నిద్రలేమి ఎవరికీ పట్టదు. కొందరు తాయెత్తు కట్టించుకుంటారు, కొందరు మద్యానికి అలవాటుపడతారు. ఇతర రాష్ట్రాలనుండి వచ్చిన కార్మికులకు ఇక్కడ బంధువర్గం ఉండదు. పనిచోట జరిపే సామూహిక సహాయం పూరించవలసిన ఖాళీ ఇదే.

నిర్వహణలో జాగ్రత్తలు

- హాజరు స్వచ్ఛందంగా ఉండాలి. రాననివారిపై, మాట్లాడనివారిపై ఒత్తిడి తేరాదు.
- సమావేశం విచారణ కారాదు. పోలీసు, గనుల భద్రతాధికారులు, బీమా సంస్థలు జరిపే విచారణలతో దీనిని కలపరాదు. ఇక్కడ చెప్పిన మాట రేపు తనపై నేరారోపణగా మారుతుందనే భయం ఉంటే ఎవరూ నోరు విప్పరు.
- పై అధికారి ఎదుట కిందివారు మాట్లాడలేరు. కనుక ఒకే స్థాయివారిని ఒక బృందంగా కూర్చోబెట్టాలి. స్త్రీలకు విడిగా అవకాశం ఇవ్వడం మంచిది.
- కాంట్రాక్టు కార్మికులను, సెక్యూరిటీ కాపలాదారులను, డ్రైవర్లను, శవాలను వెలికితీసినవారిని మరువరాదు. జీతాల పట్టికలో పేరు లేనంతమాత్రాన వారు చూసినది తక్కువ కాదు.
- దృశ్య వివరాలు చెప్పించడం కంటె, ఇప్పటి అవసరాలు అడగడం మేలు.
- నెల తరువాత ప్రతి ఒక్కరినీ మళ్ళీ పలకరించాలి. నిద్ర, మద్యపానం, పనికి రాకపోవడం, చావు గురించిన మాటలు గమనించాలి. అవసరమైనవారిని మానసిక వైద్యుని వద్దకు పంపాలి.
- సహాయం చేసినవారికి కూడ సహాయం కావాలి. అంబులెన్సు, అగ్నిమాపక, ఆసుపత్రి సిబ్బంది వీరిలో ముఖ్యులు.

పరిహారానికి మానసిక సహాయం ప్రత్యామ్నాయం కాదు. 1923 నాటి పరిహార చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి, 2020 అనే చట్టం 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. కుటుంబానికి రావలసిన సొమ్ము ఆలస్యమైనా, ప్రమాదానికి కారణమైన లోపాన్ని సరిదిద్దకపోయినా, ఎంత మంచి సమావేశమైనా పనివారికి నమ్మకం కలిగించలేదు. తాను తిరిగి అడుగుపెట్టబోయే చోటు నిజంగా సురక్షితమైనదని తెలియడం ఈ సహాయంలో మొదటి మెట్టు.

ఇవి కూడా చూడండి

- పాశర్లపూడి బ్లోఅవుట్
- కోనసీమ
- భోపాల్ దుర్ఘటన
- మానసిక ఒత్తిడి